కొవ్వొత్తితో శాస్త్రము బోధించిన మైఖేల్ ఫారడే

మైఖేల్ ఫారడే గారు 1791 సెప్టెంబరు 22న లండన్ దాపున న్యూయింగ్టన్ బట్స్ అనే చోట ఒక కమ్మరి ఇంట జన్మించారు. తండ్రి తరచు జబ్బుపడేవారు. కరువు రోజులలో ఒక రొట్టె ఇచ్చి వారమంతా సరిపెట్టుకొమ్మనేవారట. బడి చదువు చదవడము, వ్రాయడము, లెక్కలతోనే ఆగిపోయింది. చిన్న వయసులోనే ఒక పుస్తకాల అంగడిలో చేరి బైండింగు పని నేర్చుకున్నారు.

బైండింగుకు వచ్చిన పుస్తకాలను ఆయన చదివేవారు కూడా. జేన్ మార్సెట్ అనే స్త్రీ కొత్తవారి కోసము సంభాషణల రూపములో వ్రాసిన రసాయన శాస్త్ర గ్రంథము అలా దొరికింది. అందులోని సంగతులను చేతనైన ప్రయోగాలు చేసి సరిచూసుకున్నారు. ఆమె పట్ల జీవితాంతము కృతజ్ఞతతో ఉన్నారు. 1812లో అంగడికి వచ్చే ఒక పెద్దమనిషి ఇచ్చిన టిక్కెట్లతో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విన్నారు. వాటిని శుభ్రముగా వ్రాసి, తానే బైండు చేసి డేవీకి పంపారు. మరుసటి సంవత్సరము మార్చిలో అక్కడే సహాయకుని ఉద్యోగము దొరికింది.

1831లో తీగచుట్ట దగ్గర అయస్కాంతమును కదిలిస్తే తీగలో కరెంటు పుడుతుందని ఆయన కనుగొన్నారు. మాచ్‌ఖండ్‌లోనైనా, శివసముద్రములోనైనా నీరు త్రిప్పే జనరేటర్లకు ఆధారము ఈ సూత్రమే.

అంతకంటె పెద్ద తలంపు మరొకటి ఉంది. కాగితము క్రింద అయస్కాంతము ఉంచి, పైన ఇనుప రజను చల్లి మెల్లగా తట్టండి. రజను వంపు గీతలుగా అమరుతుంది. శక్తి అయస్కాంతములో మాత్రమే లేదు, దాని చుట్టూ ఉన్న ఖాళీ స్థలములోనూ వ్యాపించి ఉందని ఫారడే గ్రహించారు. ఉన్నత గణితము రాని మనిషి గనుక చాలామంది పండితులు ఆ గీతలను లెక్కచేయలేదు. జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ అనే యువకుడు మాత్రము వాటిని గణితములో పెట్టాడు. ఫారడే 1857లో అతనికి ఉత్తరము వ్రాస్తూ, గణితములో తేల్చిన ఫలితాలను మామూలు మాటలలో కూడా చెప్పరాదా అని అడిగారు. వెలుగు కూడా విద్యుత్తు, అయస్కాంతశక్తి కలిసిన తరంగమేనని 1865లో మాక్స్‌వెల్ ప్రచురించిన వ్యాసము చూపింది. నక్షత్రాల కాంతి, అంతరిక్ష నౌకలు పంపే సంకేతాలు ఇట్టి తరంగాలుగానే ఖాళీ ఆకాశము దాటి మనలను చేరుతున్నాయి.

ఇంతటి శాస్త్రవేత్త 1827 మొదలు 1860 వరకు పంతొమ్మిది పర్యాయములు క్రిస్మస్ సెలవులలో పిల్లలకు ఉపన్యాసాలిచ్చారు. చక్కగా మాట్లాడడము కోసము ప్రత్యేకముగా పాఠాలు చెప్పించుకున్నారు. త్వరపడకుండ నెమ్మదిగా చెప్పమని గుర్తుచేసే అట్టముక్కను ఎదుట పెట్టించుకొనేవారు. చివరి పర్యాయము వస్తువు ఒక్క కొవ్వొత్తి. కరిగిన మైనము వత్తి వెంట పైకి ఎలా ప్రాకుతుంది, మంట మీద చల్లని పాత్ర పట్టితే నీటి తడి ఎక్కడనుండి వచ్చింది అని ప్రశ్నిస్తూ, కొవ్వొత్తి మండడము, మనము శ్వాసించడము ఒకే రకపు మార్పు అనే వరకు పిల్లలను నడిపించారు. అప్పటికే ఆయన జ్ఞాపకశక్తి తగ్గిపోతూ ఉండేది. అయినా పిల్లల పాఠము తన స్థాయికి తక్కువ అనుకోలేదు.

ఆయన సాండిమేనియన్ అనే చిన్న క్రైస్తవ సంఘములో విశ్వాసిగా జీవించి, 1840లో సంఘపెద్ద అయ్యారు. సర్ బిరుదును, రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని వద్దన్నారు. 1867 ఆగస్టు 25న కన్నుమూశారు. కోరుకున్నట్లే హైగేట్ శ్మశానములో ఆడంబరము లేకుండ సమాధి చేశారు.

కొత్తవారికోసము వ్రాసిన ఒక పుస్తకము బైండింగు కుర్రవానికి దారి చూపింది. ఆయన ఆ ఋణమును పిల్లలకు తీర్చారు. మన పిల్లలు ఎందుకని అడిగినప్పుడు విసుగుకొనక, ఇంట్లో ఉన్న వస్తువుతోనే చూపించి చెప్పుదము.