డీజిల్ అనే మనిషి

డీజిల్ అనగానే మనకి గుర్తొచ్చేది పెట్రోల్ బంకు. నిజానికి అది ఒక మనిషి ఇంటిపేరు. తెరచాప పడవల్లో ఉండే చిన్న ఇంజిన్ల పొగ చూసి జబ్బు ఎలా కనిపెడతారో చదువుతూ నేను రుడాల్ఫ్ డీజిల్ కథలోకి వెళ్లాను.

అతను 1858లో పారిస్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు జర్మన్లు. 1870లో యుద్ధం రావడంతో వాళ్లు ఇల్లు వదిలి లండన్ వెళ్లాల్సి వచ్చింది. పన్నెండేళ్ల రుడాల్ఫ్‌ని ఆగ్స్‌బర్గ్‌లో బంధువుల ఇంటికి పంపేశారు. తర్వాత మ్యూనిక్‌లో ఇంజినీరింగ్. అక్కడ కార్ల్ ఫాన్ లిండే క్లాసులో ఒక లెక్క విన్నాడు: ఆవిరి ఇంజిన్ బొగ్గులోని వేడిలో పదో వంతు మాత్రమే పనిగా మారుస్తుంది, మిగతాదంతా దండగ. ఆ లెక్క అతన్ని వదల్లేదు. ఫైనల్ పరీక్షల టైముకి టైఫాయిడ్ వచ్చింది. కోలుకున్నాక రాసి, మంచి మార్కులతో పాసయ్యాడు.

అతని ఐడియా సింపుల్. సైకిల్ పంపు గబగబా కొడితే వేడెక్కుతుంది కదా, అలాగే సిలిండర్‌లో గాలిని బాగా నొక్కితే అది విపరీతంగా వేడెక్కుతుంది. అప్పుడు ఇంధనం చల్లితే నిప్పురవ్వ అక్కర్లేకుండానే అంటుకోవాలి. 1893 ఆగస్టులో మొదటి ప్రయోగంలో ప్రెషర్ కొలిచే పరికరం పేలి ముక్కలైంది. ఇంధనం అంటుకుంటుందని మాత్రం తేలిపోయింది. 1894 ఫిబ్రవరిలో ఇంజిన్ సొంతంగా తిరిగింది, ఒక్క నిమిషం. 1897లో అధికారికంగా పరీక్షిస్తే ఇంధనంలోని శక్తిలో 26 శాతం పనిగా మారింది.

ఆ ఏళ్లన్నీ మూడు ప్రశ్నలతోనే గడిచాయి: గాలి సరిపోతోందా? వేడి సరిపోతోందా? ఇంధనం సన్నగా చల్లబడుతోందా? ఇప్పుడు పడవవాళ్లు పొగలో వెతికేదీ వీటినే. నల్లపొగ అంటే గాలి తక్కువ, లేదా ఇంజిన్ మీద లోడు ఎక్కువ. ఆరకుండా తెల్లపొగ వస్తుంటే ఇంధనం సరిగ్గా మండట్లేదు, లేదా లోపలికి నీళ్లు చేరుతున్నాయి. నీలంపొగ అంటే ఇంజిన్ ఆయిల్ మండుతోంది. పడవలో ఇంకో సంగతి ఉంది. పొగగొట్టంలోకి సముద్రపు నీళ్లు వదిలి దాన్ని చల్లబరుస్తారు. పొగతోపాటు నీళ్లు చిమ్మకపోతే వెంటనే ఇంజిన్ ఆపి నీళ్ల పంపు చూడాలి. నీళ్లూ పొగా కలిసే వంపులో మసి, ఉప్పు పేరుకుంటే ఇంజిన్‌కి ఊపిరాడదు, మళ్లీ నల్లపొగే.

అముండ్‌సెన్ దక్షిణ ధ్రువయాత్రకి వాడిన తెరచాప ఓడ ఫ్రామ్‌లో 1910లో ఆవిరి ఇంజిన్ తీసేసి డీజిల్ ఇంజిన్ పెట్టారు. ఇంజిన్ ధ్రువం వైపు వెళ్తుంటే, తయారుచేసినవాడు మాత్రం పేటెంట్ గొడవలతో, అనారోగ్యంతో, అప్పులతో కుంగిపోతున్నాడు. 1913 సెప్టెంబర్ 29 రాత్రి ఇంగ్లండ్ వెళ్తున్న డ్రెస్డెన్ అనే ఓడలో తన గదికి వెళ్లాడు. తెల్లారేసరికి లేడు. కొన్నాళ్లకి సముద్రంలో దొరికిన శవం జేబులోని వస్తువులు చూసి కొడుకు గుర్తుపట్టాడు. ఆత్మహత్యే అని చాలామంది నమ్ముతారు.

ఇంజిన్‌కి కష్టమొస్తే పొగ రంగు చెప్పేస్తుంది. మనిషికి అలాంటిదేం ఉండదు. మన హాస్టల్లో నవ్వుతూ తిరిగేవాళ్లని కూడా అప్పుడప్పుడూ కూర్చోబెట్టి, ఎలా ఉన్నావురా అని అడగాలనిపిస్తోంది నాకు.