మార్కు బ్రూనెలు చరిత్రము

లండను నగరమును థేమ్సు నది రెండుగా విభజించుచున్నది. ఆ నదిక్రింద దక్షిణపు టొడ్డున నున్న రోథర్‌హైతును, ఉత్తరపు టొడ్డున నున్న వాపింగును గలుపు సొరంగమొకటి కలదు. ఓడలు తిరుగు నది యడుగున పూర్తియైన సొరంగములలో లోకమున నిదియే మొదటిది. దీనిని నిర్మించిన మార్కు ఇసాంబార్డు బ్రూనెలు జీవితము విద్యార్థులు తెలిసికొనదగినది.

ఈయన 1769 వ సంవత్సరమున ఫ్రాన్సుదేశమందలి నార్మండీ సీమలో జన్మించెను. తండ్రి ఈయనను మతగురువును జేయనెంచెను గాని, బాలుని మనస్సు గణితమునందును చిత్రలేఖనమునందును లగ్నమైయుండెను. ఫ్రెంచి విప్లవకాలమున రాజపక్షము వహించినందున 1793 లో అమెరికాకు బోయి, 1799 లో ఇంగ్లండు చేరెను. పోర్ట్సుమౌతు నౌకాశాలయందు ఓడల కప్పీలను జేయు యంత్రములను నెలకొల్పి కీర్తిగాంచెను. ఐనను వ్యాపారనష్టముచే 1821 లో ఋణగ్రస్తుల చెరసాల పాలయ్యెను. భార్య సోఫియా యచ్చట సయితము భర్తను విడువలేదు. ప్రభుత్వము ధనసహాయము చేయగా విముక్తుడయ్యెను.

ఓడకొయ్యలను దొలుచు పురుగును జూచి యీయనకు సొరంగము త్రవ్వు నుపాయము తోచెనని చెప్పుదురు. పండ్రెండు ఇనుప చట్రములను ప్రక్కప్రక్కన నిలిపి, ఒక్కొక్కదానిని మూడంతస్తులుగా జేసి, ముప్పదియారు గదులు గల కవచమును నిర్మించెను. గదికొక పనివాడు నిలిచి, తన యెదుటి పలకలలో నొకదానిని దీసి, కొలది యంగుళములు త్రవ్వి, పలకను మరల ముందునకు బిగించును. అన్ని పలకలును ముగిసిన పిదప చట్రమును ముందునకు నెట్టుదురు. వెనుకనే తాపీపనివారు ఇటుకగోడ కట్టుచు వత్తురు.

1825 లో పని యారంభమయ్యెను. నది యడుగు తలచినంత గట్టిది కాదు. మురికినీరు, చెడుగాలి పనివారిని రోగపీడితులను జేసెను. 1827 మే నెలలో నది లోపలికి విరుచుకొనిపడెను. బంకమన్ను సంచులతో గండి పూడ్చి, నీరు తోడి, మరల మొదలిడిరి. 1828 జనవరిలో రెండవమారు నీరు చొరబడి ఆరుగురు పనివారిని బలిగొనెను. పని నడపించుచున్న బ్రూనెలు కుమారుడు చావు తప్పించుకొనెను. ధనము లేక సొరంగమును మూసివేసిరి. ఏడేండ్లు గడచెను.

ప్రభుత్వము ఋణమీయగా 1835 లో పని తిరిగి మొదలయ్యెను. అప్పటికి బ్రూనెలు అరువదియారేండ్లవాడు. 1841 లో సర్ బిరుదమును బొందెను. 1843 మార్చి 25 వ తేదీన సుమారు 1,300 అడుగుల సొరంగము ప్రజలకు తెరువబడెను. బండ్లు దిగు దారులకు ధనము చాలనందున పాదచారులే నడచిరి. బ్రూనెలు 1849 లో మరణించెను. 1869 లో అందు రైళ్లు ప్రవేశించెను, నేటికిని నడచుచున్నవి.

బాలబాలికలారా! ఈ ఘనకార్యము పదునెనిమిదేండ్లు పట్టెను. ఒక్కొక్క పలక తీసి, కొలది యంగుళములు త్రవ్వుటయే దాని రహస్యము. బ్రూనెలు పేరు నిలిచినది. నదిక్రింద అసువులు బాసిన యా యార్గురిని సయితము మనము మరువరాదు.