మోక్షగుండం విశ్వేశ్వరయ్య

మోక్షగుండం విశ్వేశ్వరయ్య (1860 సెప్టెంబరు 15 - 1962 ఏప్రిల్) సుప్రసిద్ధ భారతీయ ఇంజనీరు, మైసూరు సంస్థానపు దివాను, భారతరత్న పురస్కార గ్రహీత. ఆయన పేరు చెప్పగానే కృష్ణరాజసాగరం గుర్తుకు వచ్చినా, నగరాల మంచినీటి సరఫరా, మురుగునీటి పారుదల, వరద నివారణ రంగాలలో ఆయన చేసిన కృషి అంతకు తక్కువది కాదు. హైదరాబాదు జంట జలాశయాలకు మూలమైన ఆలోచన ఆయనదే. ఆయన జన్మదినాన్ని ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొంటారు.

బాల్యము, విద్య

విశ్వేశ్వరయ్య పూర్వీకులు ఆంధ్రప్రదేశ్‌లో గిద్దలూరు ప్రాంతానికి చెందిన మోక్షగుండం గ్రామస్థులు. వారు మైసూరు సీమకు వలసపోయిన తెలుగువారు. చిక్కబళ్ళాపురం సమీపంలోని ముద్దెనహళ్ళిలో శ్రీనివాసశాస్త్రి, వెంకటలక్ష్మమ్మ దంపతులకు ఆయన జన్మించాడు. కొన్ని గ్రంథాలలో జన్మ సంవత్సరం 1861 అని కనిపిస్తుంది. అయితే శతజయంతి ఉత్సవం 1960లోనే జరిగినది. చిన్నతనంలోనే తండ్రి మరణించాడు. పిల్లలకు చదువు చెప్పి సంపాదించుకొంటూ బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో బి.ఏ. పూర్తిచేసి, 1883లో పూనా సైన్స్ కాలేజీ నుండి ఇంజనీరింగు పట్టా పొందాడు. మరుసటి సంవత్సరం బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరాడు.

నీటి సరఫరా పథకాలు

సింధు రాష్ట్రంలోని సుక్కూరు పట్టణం సింధునది ఒడ్డున ఉన్నా అక్కడి ప్రజలకు బురదనీరే గతి. వడపోత తొట్లు కట్టుకొనే స్తోమత పురపాలక సంఘానికి లేదు. విశ్వేశ్వరయ్య నదీగర్భంలో బావి త్రవ్వించి, ఇసుక పొరల గుండా ఊరిన తేటనీటిని మిట్టమీది జలాశయానికి ఎక్కించి ఊరికి అందించాడు. ఈ పని 1895లో పూర్తయినది. వేసవిలో ఏటి ఇసుకలో చెలమ తీసి నీళ్ళు తోడుకోవడం మన పల్లెలలో స్త్రీలందరికీ తెలిసిన విద్యే. సుక్కూరు పథకం ఆ చెలమకు పెద్ద రూపం.

పూనా నగరానికి నీరిచ్చే ఖడక్‌వాస్లా జలాశయం వద్ద ఎదురైన చిక్కు వేరు. జలాశయాన్ని నిండుగా ఉంచితే వరదకు చోటుండదు. వరదకు చోటు విడిస్తే వేసవికి నీరు చాలదు. ఇందుకు ఆయన స్వయంచాలక తలుపులను రూపొందించాడు. నీటిమట్టం హద్దు దాటగానే ఇవి తమంత తామే తెరుచుకొని, మట్టం తగ్గగానే మూసుకొంటాయి. 1903లో వీటిని అమర్చిన పిమ్మట కట్ట ఎత్తు పెంచకుండానే ఎక్కువ నీరు నిలువచేయడం సాధ్యమైనది. 1906లో ఆయన్ను ఏడెన్ పంపారు. చుట్టూ సముద్రమున్నా త్రాగడానికి నీరులేని రేవు అది. లాహెజ్ ప్రాంతపు నదీగర్భం నుండి నీరు తేవాలని ఆయన సూచించాడు.

మూసీ వరద, హైదరాబాదు

1908 సెప్టెంబరు 28న మూసీనది ఉప్పొంగి హైదరాబాదును ముంచెత్తినది. సుమారు 15,000 మంది మరణించారని అంచనా. అఫ్జల్‌గంజ్ వద్ద చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారు. మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం ఆహ్వానించగా, అప్పటికే బొంబాయి కొలువు విడిచిన విశ్వేశ్వరయ్య హైదరాబాదు వచ్చాడు. ఎగువన ఉన్న చెరువులలో 200కు పైగా ఒకదాని వెంట ఒకటి తెగడం వరద ఉద్ధృతికి ముఖ్యకారణమని గుర్తించాడు. నగరంలో గట్లు ఎత్తుచేయడం మాత్రమే చాలదని, మూసీ మీద, దాని ఉపనది ఈసీ మీద నగరానికి ఎగువన జలాశయాలు కట్టి వరదను అక్కడే పట్టి నిలపాలని 1909 అక్టోబరులో నివేదిక సమర్పించాడు. భూగర్భ మురుగు కాలువలు, నదీతీరంలో తోటలు కూడా ఆయన ప్రతిపాదనలలో ఉన్నవి.

జలాశయాలను ఆయనే కట్టించాడని పలువురు వ్రాస్తుంటారు, అది పొరపాటు. నివేదిక ఇచ్చిన మరుసటి నెలలోనే ఆయన చీఫ్ ఇంజనీరుగా మైసూరు వెళ్ళాడు. గండిపేట వద్ద ఉస్మాన్ సాగర్ 1920లోను, హిమాయత్ సాగర్ 1927లోను ఇతర ఇంజనీర్ల చేతిమీదుగా పూర్తయినవి. మురుగునీటి పథకం కోసం మాత్రం తరువాత ఆయన మళ్ళీ వచ్చాడు.

అంతకు ముందు నగరం హుసేన్ సాగర్, మీరాలం చెరువు, ఇంటింటి బావుల మీద ఆధారపడేది. ఉస్మాన్ సాగర్ నీరు యంత్రాల అవసరం లేకుండా పల్లానికి పారుతూ ఆసిఫ్‌నగర్ వడపోత కేంద్రానికి చేరుతుంది. అయితే ఒకే జలాశయం వరదను ఆపాలి, దాహమూ తీర్చాలి. ఒకదానికి అది ఖాళీగా ఉండాలి, రెండవదానికి నిండుగా ఉండాలి. పరీవాహక ప్రాంతం కట్టడాలతో నిండిపోతే ఈ రెండు ప్రయోజనాలూ దెబ్బతింటాయి. 1996లో జీవో 111 ద్వారా జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర నిర్మాణాలపై ఆంక్షలు విధించారు. 2022లో తెలంగాణ ప్రభుత్వం జీవో 69తో వాటిని సడలించగా పర్యావరణవేత్తలు అభ్యంతరం తెలిపారు.

విశాఖపట్నం

విశాఖపట్నం రేవును సముద్రపు కోతనుండి కాపాడే ఏర్పాటులో విశ్వేశ్వరయ్యకు పాత్ర ఉన్నదని తరచు చెబుతారు. 1933లో ప్రారంభమైన ఆ రేవు ముఖద్వారం వద్ద అలలకు అడ్డుగా రెండు పాత ఓడలను ముంచారు. ఆ సలహా ఆయనదేనన్న కథనం ప్రచారంలో ఉన్నది. రేవు నిర్మాణాన్ని నడిపినవాడు డబ్ల్యు.సి.యాష్ అనే ఇంజనీరు కావున, దీనిని జనశ్రుతిగా గ్రహించడమే ఉచితం. మంచినీటి విషయంలో విశాఖది కూడా ఏడెన్ వంటి పరిస్థితే. తాటిపూడి, రైవాడ, ఏలేరు జలాశయాల నుండి ఎంతో దూరం నీరు తెచ్చుకోవలసి వచ్చినది.

తరువాతి జీవితం

1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా ఉన్నాడు. కావేరిపై కృష్ణరాజసాగరం నిర్మాణం 1911లో మొదలైనది. 1955లో భారతరత్న లభించినది. నూరేళ్ళు దాటి జీవించి, బెంగుళూరులో మరణించాడు. 1934లో ప్లాన్డ్ ఎకానమీ ఫర్ ఇండియా, 1951లో మెమోయిర్స్ ఆఫ్ మై వర్కింగ్ లైఫ్ అనే గ్రంథాలు ప్రకటించాడు. సుక్కూరు, ఏడెన్, హైదరాబాదు పనుల వివరాలు రెండవ గ్రంథంలో ఉన్నవి.