సుసన్నా వెస్లీ ఇంటి బడి

జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీల పేర్లు మన సంఘాల్లో తెలియనివారు అరుదు. వారి తల్లి సుసన్నా గురించి మాత్రం ప్రసంగాల్లో తరచుగా ఒకటే కథ వింటాం. పిల్లల గోల మధ్య ఏప్రాన్ తలమీద కప్పుకుని ప్రార్థన చేసుకునేదన్న కథ అది. దాన్ని కాసేపు పక్కన పెడదాం. రోజంతా ఉద్యోగం చేసి, పిల్లలకు ఇంట్లో తామే చదువు చెప్పుకునే తల్లులు మనలో ఉన్నారు. వారికి ఆ కథకంటే ఆమె ఉత్తరాల్లో రాసిపెట్టిన టైం టేబుల్ ఎక్కువ పనికొస్తుంది.

సుసన్నా 1669లో లండన్‌లో పుట్టింది. తండ్రి శామ్యూల్ ఆనెస్లీ పేరున్న ప్యూరిటన్ బోధకుడు. ఆయన సంతానంలో ఈమె 25వది. 1688లో శామ్యూల్ వెస్లీని పెళ్ళాడింది. తర్వాత ఆయన లింకన్‌షైర్‌లోని ఎప్‌వర్త్ అనే చిన్న ఊరికి పాదిరి అయ్యారు. వారికి 19 మంది పిల్లలు పుట్టారు, బతికి పెద్దవారైనది 10 మంది.

ఆ రోజుల్లో పల్లె పాదిరికి ఆదాయం చాలావరకు సంఘపు మాన్యం మీదా, పంటలో వచ్చే దశమభాగం మీదా ఆధారపడేది. శామ్యూల్ గారికి పుస్తకాలు, కవిత్వం తెలిసినంతగా సేద్యం తెలియదు. పైగా సంఘ మహాసభల కోసం నెలల తరబడి లండన్‌లో ఉండిపోయేవారు. పొలం, పశువులు, పనివాళ్ళు, గుమ్మం ముందు అప్పులవాళ్ళు, అన్నీ సుసన్నా చూసుకోవలసిందే. జీతం లేదన్న మాటే గాని అది పూర్తికాలపు ఉద్యోగమే. 1705లో అప్పు తీర్చలేక ఆయన లింకన్ కోట జైలుకు వెళ్ళారు. అమ్ముకోమని ఆమె తన ఉంగరాలు పంపితే ఆయన వెనక్కి పంపేశారు. అదే సమయంలో గిట్టనివాళ్ళు వారి ఆవులను పొడిచారు, ఇంట్లో పాలు కూడా లేకుండా పోయాయి.

ఇన్నింటి నడుమ బడి నడిచింది. ఉదయం 9 నుంచి 12 వరకు, మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు, రోజుకు ఆరు గంటలు. ఆ వేళల్లో గట్టిగా మాట్లాడటం, అటూ ఇటూ లేచి తిరగడం కుదరదు. ఒక్క బిడ్డ విషయంలో తప్ప, అయిదేళ్ళు నిండేవరకు ఎవరికీ అక్షరాలు నేర్పేది కాదు. నిండిన మర్నాడు ఇల్లంతా సర్దుకుని, ఆ ఒక్క రోజులో అక్షరాలన్నీ నేర్పేది. ఇద్దరు ఆడపిల్లలకు రోజున్నర పట్టింది. అప్పట్లో వారిని మందబుద్ధులనుకున్నానని ఆమే రాసుకుంది! తర్వాత పాఠ్యపుస్తకం బైబిలే, ఆదికాండం మొదటి అధ్యాయం నుంచి. ఆడపిల్లకు చక్కగా చదవడం వచ్చేదాకా కుట్టుపని అప్పగించకూడదన్నది మరో నియమం. కూతురు చేతికి ముందుగా చీపురు ఇచ్చే ఇళ్ళు ఇంకా ఉన్న మనకు ఈ నియమం కాస్త గుచ్చుకోవాలి.

ఆరు గంటల బడికంటే మాకు ఎక్కువ నచ్చినది రాత్రి ఏర్పాటు. వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డతో విడిగా కూర్చుని మాట్లాడేది. సోమవారం మాలీ, మంగళవారం హెట్టీ, బుధవారం నాన్సీ, గురువారం జాకీ అనే జాన్, శుక్రవారం పాటీ, శనివారం చార్లెస్, ఆదివారం పెద్దపిల్లలు ఇద్దరు. జాన్ పెద్దవాడై కాలేజీలో ఉపాధ్యాయుడయ్యాక కూడా ఆ గురువారాలను తలచుకుంటూ తల్లికి ఉత్తరం రాశాడు.

1709 ఫిబ్రవరి 9 రాత్రి ఇల్లు కాలిపోయింది. అయిదేళ్ళ జాన్‌ను కిటికీలోంచి దించారు. నిండు గర్భిణి అయిన సుసన్నా మంటల్లోంచే బయటపడింది. పిల్లలను వేర్వేరు ఇళ్ళలో ఉంచవలసి వచ్చింది. తిరిగి వచ్చేసరికి వారికి మోటు మాటలు, పిచ్చి పాటలు అలవాటయ్యాయి. ఏళ్ళ కష్టం కొన్ని నెలల్లో చెదిరింది. ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి బడి తెరిచేటప్పుడూ మూసేటప్పుడూ కీర్తన పాడటం కొత్త నియమం.

ఇది ఒంటరి స్త్రీ సాధించిన అద్భుతమని చెప్పడం న్యాయం కాదు. ఇంట్లో పనిమనుషులు ఉన్నారు, పెద్దపిల్లలు చిన్నవారి చేత వాక్యం చదివించేవారు. ఆఫీసు నుంచి వచ్చి వంటింట్లోకి నడిచే మన సహోదరికి ఆ సాయం లేదు. భర్తలూ సంఘాలూ దీన్ని గమనించకుండా సుసన్నా పేరు చెప్పి ఆమెపై ఇంకో బరువు పెట్టడం తప్పు.

ఫలితాలు కూడా అన్నీ తీయగా లేవు. హెట్టీ ఎనిమిదేళ్ళకే గ్రీకు కొత్త నిబంధన చదివేదంటారు. ఆ హెట్టీయే 1725లో ఒక మనిషిని నమ్మి ఇల్లు విడిచి, గర్భవతిగా తిరిగి వచ్చింది. తండ్రి ఆమెను మనసారా క్షమించలేదు. తల్లి కూడా వెంటనే దగ్గరకు తీసుకోలేదు. హెట్టీని తొందరగా మరొకరికిచ్చి పెళ్ళి చేశారు, ఆ కాపురంలో ఆమె సుఖపడలేదు.

1732లో జాన్ అడగగా సుసన్నా తన పద్ధతిని కాగితం మీద పెట్టింది, అదీ ఇష్టం లేకుండానే. ఇలా బతికిన తన సంగతి ఇతరులకు ఏం పనికొస్తుందని ఆమె సందేహం. జీవితంలో బలమున్న 20 ఏళ్ళకు పైగా పిల్లల ఆత్మల కోసమే వెచ్చించడానికి ఎక్కువమంది ఒప్పుకోరని కూడా ఆమెకు తెలుసు.

1742 జూలైలో లండన్‌లో, జాన్ పరిచర్య చేస్తున్న ఫౌండరీలో ఆమె కన్నుమూసింది. ప్రాణం పోగానే స్తుతి కీర్తన పాడమని పిల్లలకు ముందే చెప్పింది. జాన్, అతని అక్కచెల్లెళ్ళు మంచం చుట్టూ నిలబడి పాడారు.