కచేరీ నుంచి మళ్లీ మసీదుగా – లార్డ్ కర్జన్

లార్డ్ కర్జన్ పేరు మన సావనీరులో చూసి కొందరు సభ్యులు ఆశ్చర్యపోవచ్చు. ఆయన మనవాడు కాడు. 1902లో హైదరాబాదు వచ్చి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ గారిని ఒప్పించి, ఏడాదికి 25 లక్షల రూపాయల కౌలుకు బీరారును శాశ్వతంగా రాయించుకుపోయిన వైస్రాయి. బడిలో పిల్లల్ని అడగండి, కర్జన్ అంటే 1905 బెంగాల్ విభజన అని టక్కున చెబుతారు. అదీ నిజమే. కాని ఆయన చేసిన మరో పని మనం తెలుసుకోదగినది.

జార్జి నథానియెల్ కర్జన్ 1859 జనవరి 11న ఇంగ్లండులోని కెడిల్‌స్టన్‌లో ఒక ప్రభువుల ఇంట పుట్టాడు. ఈటన్‌లో, ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు. వెన్నెముక జబ్బు జీవితమంతా పీడించింది. నడుముకు పట్టీ బిగించుకొనే ఇరాన్, మధ్య ఆసియా దేశాలు తిరిగాడు. 1899 జనవరిలో వైస్రాయి అయ్యేనాటికి ఇంకా నలభై నిండలేదు.

అప్పటికి మన నగరాల్లోని పాత కట్టడాల గతి ఎట్లా ఉండేదో చెబితే మనసు కలుక్కుమంటుంది. అహమ్మదాబాదులో సీదీ సయ్యద్ అనే హబ్షీ అమీరు 1572–73లో కట్టించిన మసీదు ఉంది. దాని కిటికీలలో రాతిని చెట్టు కొమ్మల్లా అల్లిన జాలీలు లోకప్రసిద్ధం. కర్జన్ వెళ్లి చూసేసరికి ఆ మసీదులో తహసీల్దారు కచేరీ నడుస్తున్నది! వజూ చేసుకొని నిలబడవలసిన చోట శిస్తు లెక్కలు, గుమాస్తాలు. బిజాపూరులో ఒక మసీదు డాకు బంగళా, ఇంకొకటి పోస్టాఫీసు. లాహోరులో షాజహాను పాలదాయి దాయీ అంగా 1635లో కట్టించిన రంగు పెంకుల మసీదుకైతే మరీ అన్యాయం. రంజీత్ సింగు కాలంలో అది మందుగుండు కొట్టు. తరువాత ఒక ఇంగ్లీషు పత్రికాధిపతి కాపురం పెట్టాడు. ఆపైన రైల్వే ట్రాఫిక్ సూపరింటెండెంటు ఆఫీసు.

కర్జన్ వీటిని ఖాళీ చేయించాడు. కచేరీకి వేరే గది దొరుకుతుంది, మసీదుకు మసీదే కావాలన్నది ఆయన పట్టుదల. దాయీ అంగా మసీదు 1903లో ముస్లిములకు తిరిగి అందింది. సీదీ సయ్యద్ మసీదులోనూ నేటికీ నమాజు జరుగుతున్నది. మసీదులొక్కటే కాదు, బర్మాలో మాండలే రాజభవనంలో తిష్ఠ వేసిన దొరల క్లబ్బును కూడా బయటికి పంపించాడు. తన తెల్లవాళ్లను లేపి పంపడం చిన్న సంగతి కాదు సుమా.

ఇదంతా ఒక మనిషి ఇష్టాయిష్టాలతో ఆగిపోకూడదని 1902లో పాతికేళ్ల జాన్ మార్షల్‌ను పురావస్తు శాఖకు డైరెక్టరు జనరలుగా తెచ్చాడు. 1904లో ప్రాచీన కట్టడాల రక్షణ చట్టం చేయించాడు. ప్రభుత్వ సంరక్షణలో ఉన్న ప్రార్థనా స్థలాన్ని, అది గుడి గాని మసీదు గాని, దాని స్వభావానికి విరుద్ధమైన పనికి వాడరాదని అందులో ఒక సెక్షను ఉంది. స్వతంత్ర భారత దేశం 1958లో చేసిన చట్టంలోనూ ఆ మాట నిలిచింది. మన మసీదుల, దర్గాల కమిటీల పెద్దలు ఈ సెక్షను గుర్తుపెట్టుకుంటే మంచిది.

తాజ్‌మహలు తోటలు బాగు చేయించాడు. లోపల వేలాడే దీపాన్ని కైరోలో ప్రత్యేకంగా చేయించి, పదవి వదిలాక కూడా వెంటబడి తగిలింపించాడు.

ఆయన్ని ఔలియాగా చూపాలని నా ఉద్దేశం కాదు. మరమ్మతుల ఖర్చు మన ప్రజల పన్నుల డబ్బే. రాళ్ల మీద చూపిన ప్రేమ బతికున్న మనుషుల మీద చూపలేదు. దేశానికి తమను తాము ఏలుకునే శక్తి ఉన్నదని ఒప్పుకోలేదు. బీరారు విషయం నాకైతే ఇప్పటికీ మింగుడు పడదు. అయినా లాహోరు మసీదు తాళం తీయించింది ఆయన చేయి కాదని ఎట్లా అంటాం?

సేనాధిపతి కిచెనర్‌తో తగవుపడి 1905లో రాజీనామా ఇచ్చి వెళ్లిపోయాడు. మరుసటేడే భార్య మేరీ పోయింది. 1923లో ప్రధానమంత్రి పదవి చేతిదాకా వచ్చి జారిపోయింది. పాత కట్టడాల పిచ్చి మాత్రం స్వదేశంలోనూ వదల్లేదు. 1911లో టాటర్‌షల్ కోటలోని పురాతన రాతి పొయ్యిలను ఊడదీసి అమ్మేశారని తెలిసి, కోటను కొన్నాడు, పొయ్యిలను వెతికించి వెనక్కి తెచ్చి పెట్టించాడు. 1925 మార్చి 20న చనిపోయాడు. వీలునామా ప్రకారం ఆ కోట, బోడియం కోట రెండూ వారసులకు కాక ప్రజల పరమైనాయి.