కల్తీ కంపెనీలతో తలపడిన రైతుబిడ్డ

డబ్బాలో మూసిన తిండి ఎలాంటిదో కొనేవాడికి కనపడదు. చేను ఉన్నవాడు తన గింజలు తను తింటాడు, కూలి డబ్బుతో బతికేవాడు కొట్టువాడు ఇచ్చిందే తినాలి. నూరేళ్ల కిందటి అమెరికా కార్మికుడి గతీ ఇదే. అక్కడ కల్తీ కంపెనీలతో తలపడిన హార్వీ వైలీ గురించి ఈసారి చెప్పుకుందాం.

వైలీ 1844లో ఇండియానా రాష్ట్రంలో ఒక రైతు ఇంట పుట్టాడు. వైద్యం చదివినా రసాయన శాస్త్రంలోకి దిగాడు. 1883లో ప్రభుత్వ వ్యవసాయ శాఖకు ప్రధాన రసాయనికుడయ్యాడు. ఆనాడు డబ్బా బఠాణీలు పచ్చగా కనబడాలని కంపెనీలు మైలుతుత్తం కలిపేవి. మనం తోటల్లో తెగుళ్లకు కొట్టే మైలుతుత్తమే! మాంసానికి వెలిగారం, పాలకు శవాలు కుళ్లకుండా వాడే ఫార్మాల్డిహైడ్. 1902లో వైలీ పన్నెండుమంది యువకులకు, వాళ్ల ఒప్పుదలతోనే, ఇలాంటి మందులు కలిపిన భోజనం పెట్టించి, ఎవరికి ఏ బాధ వచ్చిందో రాసుకున్నాడు. ఆ పద్ధతి మాకూ పూర్తిగా మింగుడుపడదు. కానీ జనం కళ్లు తెరిపించిన వాటిలో అదొకటి.

1906 జూన్ 30న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆహార చట్టంపై సంతకం చేశాడు. రాష్ట్రం దాటిన కల్తీ సరుకును పట్టుకుని కోర్టుకెక్కించే పని వైలీ విభాగానికి వచ్చింది. అసలు పోరు అప్పుడే మొదలైంది. అలా సరుకు పంపి మొదటిసారి దొరికితే జరిమానా 200 డాలర్లకు మించదు. పెద్ద కంపెనీకి అదొక లెక్కా? పైగా కేసు పెట్టాలో వద్దో తేల్చడానికి 1907లో ముగ్గురితో బోర్డు వేశారు. వైలీయే దానికి పెద్ద, అయినా మిగతా ఇద్దరూ ఒకటైతే ఆయన మాట చెల్లేది కాదు.

డబ్బా మొక్కజొన్నలో చక్కెర బదులు సాకరిన్ వేసి తన సంస్థ వేల డాలర్లు మిగుల్చుకుందని ఒక చట్టసభ సభ్యుడే రూజ్‌వెల్ట్ ముందు చెప్పుకున్నాడట. తినేవాడు చక్కెర అనుకుని మోసపోతున్నాడనీ, అది ఒంటికి చేటనీ వైలీ అడ్డుతగిలాడు. డాక్టరు సలహాతో రోజూ సాకరిన్ తినే అధ్యక్షుడికి ఒళ్లు మండింది. ఈనాటి శాస్త్రం సాకరిన్‌ను అంత చెడ్డదనదు. మోసం మాత్రం మోసమే. 1908లో వైలీ నెత్తిన ఐదుగురు పండితుల మండలిని కూర్చోబెట్టారు. సాకరిన్ పుట్టిన ప్రయోగశాల అధిపతి రెమ్సెనే దాని పెద్ద! నిల్వ మందు బెంజోయేట్ కొద్దిగా అయితే హాని లేదని 1909లో ఆ మండలి తేల్చేసింది. సాకరిన్ వేసిన తిండి మాత్రం 1911లో కల్తీ కిందే లెక్కకొచ్చింది.

అదే ఏడు, ఒక నిపుణుడికి నిబంధనకు మించి వేతనం ఇప్పించాడని వైలీపై నేరం మోపారు. విచారణలో నిర్దోషిగా తేలాడు. అయినా చేతులు కట్టేసిన కుర్చీలో ఉండలేక 1912 మార్చిలో రాజీనామా ఇచ్చాడు. తర్వాత ఒక స్త్రీల పత్రిక ప్రయోగశాలలో సరుకులు పరీక్షించాడు, చట్టాన్ని ఎవరెలా నీరుగార్చారో 1929లో పుస్తకం వేశాడు. 1930 జూన్ 30న, ఆ చట్టంపై సంతకం పడి సరిగ్గా 24 ఏళ్లు నిండిన రోజున కన్నుమూశాడు.