వుడ్సన్ విద్యాదీక్ష

కార్టర్ జి. వుడ్సన్ 1875లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో జన్మించారు. ఆయన తల్లిదండ్రులు బానిసత్వం నుండి విముక్తి పొందిన నల్లజాతీయులు. పేదరికంవల్ల బొగ్గుగనుల్లో శ్రమించి, 20 ఏళ్ల వయస్సులో ఉన్నత పాఠశాలలో చేరారు. 1912లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుండి చరిత్రలో డాక్టరేటు పొందారు. నల్లజాతికి చెప్పుకోదగిన చరిత్రే లేదన్న ఆనాటి పండితుల వాదాన్ని ఆయన అంగీకరించలేదు. దానిని ఆధారాలతో ఖండించడానికి 1915లో చరిత్ర పరిశోధక సంఘాన్ని నెలకొల్పారు. 1926లో నల్లజాతి చరిత్ర వారోత్సవాన్ని ప్రారంభించి, ఉపాధ్యాయులకు పాఠ్యసామగ్రిని సమకూర్చారు. తరగతి గదిలోని జాతివివక్ష బాలలకు ఆత్మన్యూనతను నేర్పుతున్నదనీ, ఆ చదువే చదివిన నల్లజాతి ఉపాధ్యాయులు సైతం దానినే కొనసాగిస్తున్నారనీ 1933లో వెలువరించిన గ్రంథంలో నిర్మొహమాటంగా విమర్శించారు. 1950లో వుడ్సన్ కన్నుమూశారు. ఆయన ఆరంభించిన వారోత్సవం 1976లో మాసోత్సవంగా విస్తరించింది.